కుట్టుమిషన్ల శిక్షణ అని రాయమన్నారు

పెళ్ళికార్డు మీద పెదనాన్న పేరు ముందుండాలా, మేనమామ పేరు ముందుండాలా అన్న తగువు బీదర్‌లో ఏ ఇంట్లో లేచినా చివరికి అది గిద్యోను బల్ల ముందుకే వచ్చేది. గవాన్ చౌక్ నుంచి కిందికి దిగే సందులో ముప్ఫై ఏళ్ళుగా అతని ప్రెస్ ఉంది. కన్నడం, తెలుగు, ఉర్దూ, మరాఠీ, ఎవరికి ఏ భాష కావాలంటే ఆ భాషలో కార్డు వేసిస్తాడు. పెళ్ళిళ్ళు, గృహప్రవేశాలు, దర్గాల ఉర్సు ఉత్సవాలు, చర్చి వార్షికోత్సవాలు, రిటైరైన గుమాస్తాల సన్మానాలు. రాబోయే నెలలో ఎవరింట్లో ఏం జరగబోతోందో అతనికి తెలిసినంతగా ఊళ్ళో మరొకరికి తెలియదు. ఆదివారం చర్చిలో పాటల బృందంలో నిలబడతాడు. మంచి గొంతు.

యాభై నాలుగేళ్ళు వచ్చినా అతనికి పెళ్ళి కాలేదు. దానికి ఊరే ఒక కారణం వెతికి పెట్టుకుంది. భర్త పోయిన అక్క ప్రేమమ్మను సాకడం కోసం పెళ్ళి మానుకున్నాడట, ఎంత త్యాగం! ఈ మాట చెవిన పడ్డప్పుడల్లా ప్రేమమ్మకు ఒళ్ళు మండేది. ప్రభుత్వ బడిలో కన్నడం టీచరుగా పనిచేసి, తన పెన్షన్ మీద తాను బతుకుతున్న మనిషి ఆమె. అసలు సంగతి ఆమెకు తెలుసు. తమ్ముడి మనసు మగవాళ్ళ మీదికే పోతుందని అతనికి ఇరవై రెండేళ్ళున్నప్పుడే ఆమెకు తెలిసింది. ఇద్దరూ దాని గురించి ఒక్కసారి మాట్లాడుకున్నారు. తర్వాత ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

జూన్‌లో ఒక మధ్యాహ్నం భాగ్యజ్యోతి అనే అమ్మాయి ప్రెస్‌కు వచ్చింది. ఔరాద్ దగ్గర పల్లె ఆమెది. బీదర్‌లో రక్తపరీక్షల ల్యాబ్‌లో పని. ఇరవై ఏడేళ్ళుంటాయి. చేతిలో మడిచిన కాగితం ఉంది గాని వెంటనే ఇవ్వలేదు.

"అన్నా, మీరు అన్ని తీర్ల కార్డులు ఏస్తరా?"

"ఏస్తం. ఏం కార్డమ్మా?"

"ముందుగాల సదువుండ్రి. ఏయనంటే ఏయనని చెప్పుండ్రి, గంతే. తిట్టకుండ్రి. ఇప్పటికే ముగ్గురు తిట్టిన్రు. ఒకాయనైతే పోలీసోళ్ళకు ఫోన్ చేస్తనన్నడు."

గిద్యోను కాగితం విప్పాడు. పైన 'బీదర్, ఔరాద్, భాల్కి, జహీరాబాద్ ప్రాంతాల గే, లెస్బియన్ మిత్రులకు' అని ఉంది. కింద మూడు కార్యక్రమాలు. జూలై రెండో ఆదివారం పరిచయ సమావేశం, మధ్యాహ్న భోజనం. ఆగస్టు మొదటి ఆదివారం తల్లిదండ్రులతో ముచ్చట్లు. ఆగస్టు ఆఖరి ఆదివారం కలబురగి నుంచి వచ్చే లాయరమ్మతో ఉచిత న్యాయ సలహా. మూడూ ఒకే చోట, చర్చి వాళ్ళు అందరికీ అద్దెకిచ్చే హాల్లో.

అతను రెండుసార్లు చదివాడు. తర్వాత అడిగాడు.

"ఫోన్ల పెడ్తలేరా ఇది?"

"పెడ్తున్నం అన్నా. కని మా అసోంటి ఆడోళ్ళల్ల సగం మందికి సొంత ఫోనే లేదు. ఇంట్ల ఒక్కటే ఫోను, అన్న చేతుల ఉంటది. కార్డయితే బియ్యం డబ్బల దాస్కుంటరు."

గిద్యోను పెన్ను తీశాడు. "గే, లెస్బియన్ అంటే మంగళగి అసోంటి పల్లెలల్ల ఎంతమందికి సమజైతది? కింద సాఫ్‌గ రాద్దాం" అని తన చేత్తోనే రాసి చూపించాడు: 'మగవాళ్ళను ప్రేమించే మగవాళ్ళు, ఆడవాళ్ళను ప్రేమించే ఆడవాళ్ళు, ఇది మీ కోసం.'

భాగ్యజ్యోతి ఆ వాక్యం వైపు, అతని ముఖం వైపు మార్చి మార్చి చూసింది. "అంటే ఏస్తరా?" అంది నమ్మలేనట్టు.

"రేపు వచ్చి ప్రూఫ్ చూస్కో."

ఆ సాయంత్రం కంప్యూటర్ ముందు కూర్చున్న గిద్యోనుకు పాతికేళ్ళ కిందటి కార్డొకటి గుర్తొచ్చి చేతులు ఆగిపోయాయి. శ్రీశైల్ అని ఔరాద్ బస్సులో కండక్టరుండేవాడు. ఆరేళ్ళు ఇద్దరూ ఒకరికొకరుగా ఉన్నారు. ముప్ఫై ఒకటో ఏట ఇంట్లోవాళ్ళు శ్రీశైల్‌కు పెళ్ళి కుదిర్చారు. కార్డు వేయించడానికి అతని అన్నలు నేరుగా గిద్యోను దగ్గరికే వచ్చారు, మావాడి దోస్తు ప్రెస్ కదా అని. పెళ్ళికొడుకు పేరు, పెళ్ళికూతురు పేరు, ముహూర్తం, అన్నీ గిద్యోనే కంపోజ్ చేశాడు. అచ్చు తప్పులు లేకుండా రెండుసార్లు చూశాడు కూడా. ఏమీ తెలియని ఆ పిల్లకు జరిగింది అన్యాయం, శ్రీశైల్‌కు జరిగింది అన్యాయం, తనకు జరిగింది అన్యాయం. ముగ్గురి బతుకుల మీద బంగారు రంగు అక్షరాలు వేసింది తన చేతులే. అప్పుడు నోరెత్తలేదు. ఏడుపు కూడా రాలేదు. ఇన్నేళ్ళకు, ఆ అమ్మాయి తెచ్చిన నోటుపుస్తకం కాగితం ముందు, అతనికి కోపమొచ్చింది.

మర్నాడు ప్రూఫ్ చూసిన భాగ్యజ్యోతి అడుగున వేలుపెట్టి చూపింది. "మీ ప్రెస్ పేరు తీసేయుండ్రి అన్నా. మీకు పరేషాన్ అయితది."

"నేను ఏసే కార్డులన్నిటి మీద ఉంటది. ఇది దొంగకార్డు కాదు గద. ఉండనీ."

కార్డులు మందుల షాపుల్లోకి, ల్యాబుల్లోకి, ఔరాద్ సంతలోకి వెళ్ళాయి. పది రోజులు ఏమీ జరగలేదు. పదకొండో రోజు సంసోను ఒక కార్డు పట్టుకుని ప్రెస్ మెట్లెక్కాడు. ఆయన హాలు కమిటీ కార్యదర్శి, చర్చిలో పెద్ద. గిద్యోనుకు చిన్నప్పటి నుంచి తెలిసిన మనిషి. అప్పటికి ప్రెస్‌లో పెళ్ళికార్డు కోసం వచ్చిన భార్యాభర్తలు కూర్చుని ఉన్నారు.

"గిద్యోనూ, ఇదేంది? దీని మీద నీ పేరున్నది."

"నేను ఏసిన కార్డు మీద నా పేరు గాక ఎవరిది ఉంటదన్నా?"

"ఆ పిల్లకు హాల్ ఇచ్చేది లేదని చెప్పేసినం. అది ఫ్యామిలీ ఫంక్షన్ల కోసం కట్టిన హాలు."

గిద్యోను లేచి నిలబడ్డాడు. ఆ హాల్లో ఏమేం జరిగాయో అతనికంటే ఎవరికి తెలుసు? ప్రతి కార్డూ అతని మిషన్‌లోంచి వచ్చిందే.

"ఎరువుల కంపెనోళ్ళ మీటింగ్ ఏ ఫ్యామిలీదన్నా? బ్రాందీ షాపాయన పుట్టినరోజుకు డాన్సోళ్ళను తెచ్చి ఆడిపిచ్చిన్రు, అది ఎవరి ఫ్యామిలీ? పోయినేడు పెండ్లాన్ని కొట్టి ఎల్లగొట్టినోడు రెండో షాదీ చేస్కున్నది గాడనే గద. మీరే ముందట కూసొని దీవించిన్రు. వీళ్ళు ఏం చేసిన్రు? పప్పు, అన్నం తిని ముచ్చట పెట్టుకుంటమన్నరు, గంతే గద."

సంసోను భార్యాభర్తల వైపు చూసి గొంతు తగ్గించాడు. "నాకేం లేదు తమ్మీ. సుప్రీం కోర్టే తప్పు కాదన్నదంటున్నరు. ఒక పని చెయ్యి. కొత్త కార్డు ఏయి. ఆడోళ్ళకు కుట్టుమిషన్ల శిక్షణ అని రాయి. హాల్ తాళం నేనే తెచ్చిస్త. లోపట ఏం మాట్లాడుకుంటరో మాకేం ఎర్క?"

ఉత్తగా కుదరదని వెళ్ళిపోయి ఉంటే గిద్యోను అంతటితో ఊరుకునేవాడేమో. ఈ మాటతో అతని ఒంట్లో రక్తం ముఖంలోకి ఎక్కింది. అంటే వీళ్ళకు ఆ మనుషులతో ఇబ్బంది లేదు. వాళ్ళు అక్కడ కూర్చున్నా, తిన్నా, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నా ఇబ్బంది లేదు. మేం ఫలానా అని నోటితో చెప్పకూడదు, అంతే. అక్క కోసం పెళ్ళి మానుకున్నాడని ఊరు తన మీద వేసిన అబద్ధం కూడా ఇలాంటిదే. దాన్ని ముప్ఫై ఏళ్ళు మోశాడు.

"అబద్ధం రాస్తె తాళం ఇస్తరు, నిజం రాస్తె ఇయ్యరు. సంఘపెద్ద చెప్పే మాటేనా ఇది, సంసోనన్నా?"

"గొంతు లేవనియ్యకు. నీకెందుకింత కోపం? ఇదేమన్న నీ ఇంటి ముచ్చటనా?"

"నా ఇంటి ముచ్చటనే" అన్నాడు గిద్యోను. "నేను గూడ గట్లాంటోన్నే. పెండ్లి చేస్కోనిది మా అక్క కోసం కాదు."

సంసోను కార్డును బల్ల మీద పడేసి మెట్లు దిగిపోయాడు. పెళ్ళికార్డు కోసం వచ్చిన భార్యాభర్తలు మళ్ళీ వస్తామని లేచారు. మళ్ళీ రాలేదు.

ఇంటికొచ్చి గిద్యోను జరిగిందంతా అక్కకు చెప్పాడు. ప్రేమమ్మ చివరిదాకా విని, "మంచిగ చెప్పినవ్. ముప్ఫై ఏండ్ల సంది నన్ను సాకు చేసిన్రు, నాకు గూడ ఇసుగొచ్చింది. మీటింగ్ ప్రెస్ల పెట్టుండ్రి. వంట నేను చేస్త" అంది.

తర్వాతి ఆదివారం పాటల బృందం నాయకుడు గిద్యోనును పక్కకు పిలిచి, కొన్నాళ్ళు గొంతుకు విశ్రాంతి ఇమ్మన్నాడు. గొంతు బాగానే ఉంది. కొత్త ఏడాది చర్చి క్యాలెండర్ పని ఇంకో ప్రెస్‌కు వెళ్ళింది. ఎవరూ ఎదురుగా వచ్చి ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేదనిపించింది అతనికి. తిడితే జవాబు చెప్పొచ్చు. అయినా చర్చి మానలేదు. అందరితో పాటు బెంచీ మీద కూర్చుని, అక్కడి నుంచే గట్టిగా పాడాడు. మానాల్సింది తానెందుకు?

జూలై రెండో ఆదివారం కాగితాలు కోసే మిషన్‌ను గోడకు జరిపి, కాగితం కట్టలు పరిచి, వాటి మీద చాపలు వేశారు. చోటు మారిందని నోటిమాటగా తెలుసుకుని ఇరవై ముగ్గురు వచ్చారు. మంగళగి నుంచి రాచమ్మ, కమలాబాయి అనే ఇద్దరు రైతు ఆడవాళ్ళు పొద్దున్నే బస్సు దిగారు. ఇద్దరికీ యాభై దాటాయి. ఊరివాళ్ళు వాళ్ళను అక్కాచెల్లెళ్ళంటారు. తన వంతు వచ్చినప్పుడు రాచమ్మ లేచి నిలబడింది.

"ఇరవై ఏండ్ల సంది ఒక్క చేన్ల చేసుకుంటున్నం, ఒక్క ఇంట్ల ఉంటున్నం. పోయినేడు కమలకు కడుపుల గడ్డ తీసిన్రు. కాయితం మీద సంతకం నేను పెడ్తనన్న. నువ్వేమైతవని అడిగిన్రు. నేనేం చెప్పాలె? పన్నెండేండ్ల సంది కమలతోని మాట్లాడని ఆమె తమ్మున్ని పిలిపిచ్చి సంతకం పెట్టిచ్చిన్రు. నేను గేటు బయట కూసున్న, కుక్క లెక్క."

కమలాబాయి ఆమె కొంగు పట్టి కూర్చోబెట్టింది. అప్పుడు గిద్యోను శ్రీశైల్ సంగతి చెప్పాడు. బతుకులో మొదటిసారి, అంతమంది ముందు, పేరు పెట్టి చెప్పాడు.

ఆగస్టులో తల్లిదండ్రుల కోసం పెట్టిన రోజు ఒక్క తండ్రే వచ్చాడు. భాగ్యజ్యోతి నాన్న చంద్రప్ప. రెండేళ్ళుగా కూతురితో సరిగా మాట్లాడని మనిషి. గుమ్మం పక్కన తువ్వాలుతో విసురుకుంటూ కూర్చున్నాడు. లోపల ఉక్క, సిరా వాసన. కొంతమంది మెట్ల మీద నిలబడి ఉన్నారు.

"ఇంత ఇరుకు జాగల పెట్టిన్రేంది?" అన్నాడు చివరికి.

హాలు సంగతి భాగ్యజ్యోతి చెప్పింది. కుట్టుమిషన్ల మాట కూడా చెప్పింది. చంద్రప్ప తువ్వాలు విసరడం ఆపాడు.

"నువ్వు చేస్తున్నది నాకు సమజ్ కాలే బిడ్డా, అబద్ధం ఎందుకు చెప్పాలె. కని నా బిడ్డ దొంగతనం చేసిందా, మారు పేరుతోని పోనీకె? రేపు పోదాం. నేనడుగుత."

సోమవారం పొద్దున పదింటికి నలుగురూ హాలు ఆఫీసుకు వెళ్ళారు. చంద్రప్ప, భాగ్యజ్యోతి, గిద్యోను, ప్రేమమ్మ. ఆగస్టు ఆఖరి ఆదివారానికి హాలు కావాలని దరఖాస్తు ఇచ్చారు. కుదరదన్నాడు సంసోను.

"గదే కాయితం మీద రాసియ్యి" అన్నాడు చంద్రప్ప. "నా బిడ్డకు ఎందుకియ్యవో రాసియ్యి."

"రాసేదేముందయ్యా, నోటితోని చెప్తున్న గద."

"అయితే రాసేదాంక కూసుంట" అని చంద్రప్ప కుర్చీ లాక్కున్నాడు. మధ్యాహ్నం అయింది. సంసోను భోజనానికి వెళ్ళి వచ్చినా నలుగురూ అక్కడే ఉన్నారు. మూడింటికి ఆయన విసుగ్గా కన్నడంలో ఒక ముక్క రాసి, సంతకం పెట్టి, బల్ల మీదికి తోశాడు. చంద్రప్పకు చదువు రాదు. ప్రేమమ్మ అందుకుని పైకి చదివింది. అనివార్య కారణాల వల్ల హాలు ఇవ్వలేమని ఉంది.

"అంటే ఏంది టీచరమ్మా?"

ప్రేమమ్మ కళ్ళద్దాలు తీసి సంసోను వైపే చూస్తూ, "చెప్పనీకె సిగ్గయితాందని అర్థం" అంది.

లాయరమ్మ వచ్చిన రోజు కూడా ప్రెస్‌లోనే కూర్చున్నారు. ఈసారి నలభై మంది దాటారు, సందులో కూడా చాపలు పరచాల్సి వచ్చింది. రాచమ్మ, కమలాబాయిలకు ఏ కాగితాలు రాయించుకోవాలో ఆమె చెప్పింది. సంసోను రాసిచ్చిన ముక్క చూసి కమిటీకి నోటీసు పంపింది. ఇప్పటిదాకా జవాబు లేదు, హాలూ ఇవ్వలేదు. ప్రతి నెలా ఒకటో తేదీన గిద్యోను కొత్త దరఖాస్తు పట్టుకుని వెళ్తున్నాడు. కార్యక్రమం ఏమిటన్న చోట ఉన్నది ఉన్నట్టే రాస్తున్నాడు. చంద్రప్ప ఔరాద్ నుంచి వచ్చిన నెలల్లో ఇద్దరూ కలిసి వెళ్తారు, కాదన్న మాట కాగితం మీద రాసిచ్చేదాకా లేవరు.