కరెంటు పోయిన పరీక్ష

మొన్న మా అమ్మాయి ల్యాప్‌టాప్‌లో కాలేజీ కోసం కంప్యూటర్ ప్రోగ్రాం రాసుకుంటుండగా ఛార్జింగ్ అయిపోయి తెర నల్లబడింది. నేను అయ్యో అంటూ లేచాను. తను మాత్రం తాపీగా వైరు పెట్టి మళ్లీ తెరిస్తే, రాసింది రాసినట్టే ఉంది. సేవ్ చేశావా అని అడిగితే, "గదే చేసుకుంటది డాడీ" అని నవ్వింది. సంతోషించాల్సింది పోయి నాకు ఒళ్లు మండింది.

తొంభైల నడుమ, డిగ్రీ అయ్యాక కరీంనగర్‌లో కంప్యూటర్ కోర్సులో చేరినప్పుడు మా బాపు ఒక్కటే షరతు పెట్టాడు. ఆఖరి పరీక్ష పాసైతే అక్కడే పాఠాలు చెప్పే కొలువు దొరుకుతుంది, లేదంటే వేములవాడ తిరిగొచ్చి ఆయనతో పాటు సాంచాలు నడపాలి. మరమగ్గాలను మా దగ్గర సాంచాలంటారు. అప్పటిదాకా నా వంతు పని కూడా ఆయనే మీదేసుకున్నాడు.

ఆ చదువు తలుచుకుంటే ఇప్పటికీ చిరాకే. క్లాసు, ఆబ్జెక్టు అంటూ సారు ఇంగ్లీషు నిర్వచనాలు బట్టీ పట్టించేవారు. వాహనం క్లాసు, తన స్కూటర్ ఆబ్జెక్టు అనేవారు. సరే, దాంతో ప్రోగ్రాం ఎట్లా రాయాలని అడిగితే మళ్లీ స్కూటర్ దగ్గరికే వచ్చేవారు. తండ్రి గుణాలు కొడుక్కి వచ్చినట్టే ఇన్‌హెరిటెన్స్ అంటే అందరూ తలూపేవారు, నాకు మాత్రం తండ్రి నుంచి రాబోయే సాంచాలే కళ్లముందు ఆడేవి. కంప్యూటర్ ముట్టుకునే వంతు ఎప్పుడో గానీ వచ్చేది కాదు కనుక, బస్సులో కూర్చుని కాగితం మీదే ప్రోగ్రాములు రాసి, అవి నడిచినట్టు ఊహించుకుని సంబరపడేవాణ్ని.

పరీక్షలో దవాఖాన సిబ్బంది వివరాలకు ప్రోగ్రాం రాయమన్నారు. ఉద్యోగి అని ఒక క్లాసు రాసి, దాని నుంచి డాక్టరును, నర్సును తీస్తుంటే, సారు ఇన్నాళ్లూ చెప్పలేకపోయింది ఒక్కసారిగా తలకెక్కింది. పేరు, జీతం ఒక్కచోట రాస్తే చాలు, మిగతావాటికి వాటంతటవే వస్తాయి! అంత ఆనందం మరే చదువులోనూ ఎరగను. ఇంకాస్త ఉందనగా కరెంటు పోయింది. అందరూ లబోదిబోమన్నారు. నేను లేచి చాయ్ తాగడానికి వెళ్లాను. సాంచాల దగ్గర కరెంటు పోతే బయటికి రావడం, వచ్చాక ఆగిన పోగు దగ్గరే మళ్లీ అందుకోవడం పుట్టినప్పటి నుంచి చూసిన పద్ధతి. సేవ్ అనేది పని ముగిశాక చేసేదనే అనుకునేవాణ్ని.

తీరిగ్గా తిరిగొచ్చేసరికి మిగతావాళ్లు మొదటి నుంచి గబగబా టైపు చేస్తున్నారు. నా తెర ఖాళీ. రాసిందంతా పోయిందని నాకు అర్థమయ్యేలోపే సమయం అయిపోయింది. ఎంత బతిమాలినా సారు మరో అవకాశం ఇవ్వలేదు.

ఇంటికొచ్చి చెబితే బాపు నమ్మలేదు. "పోవుడేంది రా? నేసినకాడికి ఉండాలె గదా!" అన్నాడు. ఆ ప్రశ్నకు ఎంత విసుక్కున్నానో చెప్పలేను. మర్నాడు సాంచాల దగ్గర నిలబడ్డాను. సారు మీద, కరెంటు మీద, ఏమీ తెలియని బాపు మీద ఆ కోపం ఏళ్ల తరబడి పోలేదు.

ఇప్పుడు మా ఊళ్లో కరెంటు పోదు, నడిచే సాంచాలే తగ్గిపోయాయి. అమ్మాయి తెర మీద ఆగినచోటే నిలిచిన అక్షరాలు చూస్తూ, బాపు సరిగ్గానే అడిగాడు కదా అనుకున్నాను. చేసినకాడికి ఇప్పుడు ఉంటోంది. ఆ మాట చెబుదామంటే ఆయన లేడు.