బెజవాడ బస్సులో సీటు

తిరువూరు బస్టాండులో నాకు గయ్యాళి అని పేరు. ఊరికే రాలేదు, కష్టపడి సంపాదించుకున్నాను. బెజవాడ బస్సు ఇంకా ఆగకముందే పక్కన పరుగెత్తి, కిటికీలోంచి టవల్ విసిరి సీటు పట్టేదాన్ని. ఆ టవల్ తీసి పక్కన పెట్టినవాళ్ళకి వాళ్ళ తాతముత్తాతలంతా గుర్తొచ్చేలా చివాట్లు పెట్టేదాన్ని.

ఆ సీటు నాకు కాదు, మా ఆయనకి. రెండు కిడ్నీలూ పాడయ్యాయి. వారానికి రెండుసార్లు బెజవాడ ఆసుపత్రికి డయాలిసిస్‌కి వెళ్ళి రావాలి. దగ్గర్లో ఎక్కడా ఖాళీ లేదన్నారు. కారు మాట దేవుడెరుగు, మాకు మోపెడ్ కూడా లేదు. మిషన్ సూదులు గుచ్చడానికని ఆయన ఎడమ చేతిలో రక్తనాళాలు కలిపి కుట్టారు. అక్కడ వేలు ఆనిస్తే లోపల జుమ్మని తెలుస్తుంది. ఆ చేతిమీద బరువు పడకూడదు, ఎవరూ నొక్కకూడదు, ఆ జుమ్మనడం ఆగిపోతే ప్రాణానికే ముప్పని డాక్టరు చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. కిక్కిరిసిన బస్సులో నిలబడి ఆ చెయ్యి ఎలా కాపాడుకుంటారు? అందుకే నా పరుగు.

నిజానికి ఆ పరుగు అక్కర్లేదు. ఆయన గుళ్ళో పూజారి. పంచె కట్టుకుని, విభూతి పెట్టుకుని బస్సెక్కితే ఎవరో ఒకరు లేచి "కూర్చోండి పంతులుగారూ" అంటారు. కానీ ఆసుపత్రికి బయల్దేరే రోజు ఆయన మొహం కడిగేసుకుని, ప్యాంటూ ఫుల్‌హ్యాండ్స్ చొక్కా వేసుకునేవారు. ఎందుకండీ ఈ వేషం అని పోట్లాడాను. ఇన్నేళ్ళు అభిషేకాలు చేసిన పూజారినే పట్టించుకోని దేవుడు మనల్నేం చూస్తాడని జనం అనుకుంటారట. దేవుడి పరువు కాపాడే బాధ్యత కూడా ఈయనదే మరి! ఒళ్ళు మండిపోయేది నాకు. మొండివాడు రాజుకంటే బలవంతుడు, ఏం చేస్తాం.

ఆడవాళ్ళకి బస్సు ఫ్రీ చేశాక రద్దీ ఇంకా పెరిగింది. ఆధార్ కార్డు చూపిస్తే నాకు టికెట్ లేదు, సంతోషమే. ఎవరికోసం వెళ్తున్నానో ఆయనకి మాత్రం కాలు పెట్టే చోటు లేదు.

ఒకరోజు బస్సు ఆగేసరికే నిండిపోయి ఉంది. టవల్ వెయ్యడానికి ఖాళీ సీటే లేదు. ఆయన కుడిచేత్తో రాడ్ పట్టుకుని, ఎడమ చెయ్యి పొట్టకి ఆనించుకుని నిలబడ్డారు. అడగందే అమ్మయినా పెట్టదు కదా. పక్క సీట్లో కుర్రాణ్ణి అడిగాను, బాబూ, ఈయన పేషెంటు, కాస్త లేస్తావా అని. పాపం, ఆ పిల్లాడు లేచాడు కూడా.

"అబ్బే, నాకేం లేదు బాబూ. ఆవిడకి నేనంటే కాస్త కంగారెక్కువ. నువ్వు కూర్చో" అన్నారు ఈయన, నవ్వుతూ.

మైలవరంలో ఇంకో గుంపు ఎక్కింది. ఊరు దాటాక డ్రైవరు సడన్ బ్రేకు వేశాడు. వెనకున్నవాళ్ళంతా వచ్చి ఆయన మీద పడ్డారు. సీటు కడ్డీకీ ఆయన పొట్టకీ మధ్య ఆ చెయ్యి నలిగింది. ఏం కాలేదన్నారు. బెజవాడలో దిగాక నేనే చొక్కా చెయ్యి పైకి లాగి వేలు పెట్టి చూశాను. జుమ్మనడం లేదు. బస్టాండులో అందరి ముందూ ఆయన్ని చెడామడా తిట్టాను. తిడుతూనే ఏడ్చాను.

కలిపి కుట్టిన ఆ నాళం మళ్ళీ పనిచెయ్యలేదు. మెడ పక్కన గొట్టం వేసి దాంతో డయాలిసిస్ నడిపించారు. గోరుచుట్టు మీద రోకలిపోటు. ఆ గొట్టం మీద చొక్కా కాలరు పడదు. అందుకని పంచె కట్టుకుని, మెడచుట్టూ కండువా కప్పుకుని బయల్దేరడం మొదలుపెట్టారు. ఇంక సీటుకి కరువేముంది? ఎక్కడమే ఆలస్యం, ఎవరో ఒకరు లేచేవారు.

అలా కార్తీకమాసంలో సీటిచ్చిన ఒకావిడ, గంపలగూడెం వైపు మనిషి, కూతురి పెళ్ళికి ముహూర్తం పెట్టమంది. ఆయన పిల్లా పిల్లాడి నక్షత్రాలు అడిగి, వేళ్ళమీద లెక్కేసి, మాఘంలో దివ్యమైన లగ్నం ఉందని చెప్పారు. ఆవిడ పొంగిపోయింది. మీరే వచ్చి చేయించాలంటూ ఫోన్ నంబరు తీసుకుంది.

"తప్పకుండా వస్తానమ్మా" అన్నారు.

దిగాక అడిగాను, ఏ బలంతో మాటిచ్చారని. శుభానికి పిలిస్తే రాననకూడదన్నారు. తిట్టే ఓపిక కూడా అయిపోయింది నాకు.

పుష్యంలో ఆ గొట్టం దగ్గర చీము పట్టింది. చలిజ్వరం వచ్చింది, తగ్గలేదు. మాఘం చూడకుండానే వెళ్ళిపోయారు.

పెళ్ళి దగ్గర పడ్డాక ఆయన ఫోన్ మోగింది. ఆవిడే. పంతులుగారు ఏ బస్సుకి వస్తున్నారు, ఆటో పంపుతాం అంది. వెనక పిల్లల గోల, ఎవరో నవ్వుతున్నారు. పెళ్ళివారింటికి చావుకబురు ఏ నోటితో చెప్పను? నోరుంది నోరుంది అంటారే నన్ను, ఆ నోరు పెగల్లేదు. ఒంట్లో బాగాలేదమ్మా, రాలేరు అని, వేరే పంతులుగారి నంబరు చెప్పాను.

"అయ్యో, అలాగా. పీటల మీద పిల్ల చేత ఆయన పేరు చెప్పి దణ్ణం పెట్టిస్తానండి. తొందరగా తగ్గిపోతుంది" అంది.

"అలాగేనమ్మా. పెట్టించు" అన్నాను.