ఖైతాన్ గదిలో స్టాక్‌హోమ్

మొన్న శుక్రవారం అమలాపురం దగ్గర నుంచి ఫోన్ వచ్చింది. వంటాయన కూతురు. "నాన్నగారు పొద్దున్న పోయారండి. మీకు చెప్పమని ముందే అన్నారు" అంది. ఏమన్నా తిన్నావా అమ్మా అని అడిగాను. చివరికి ఆ అమ్మాయే నన్ను ఓదార్చి ఫోన్ పెట్టేసింది.

ఆయన నాకు చుట్టం కాదు. ఆయనది కోనసీమ, నాది కడప జిల్లా. కువైట్‌లో ఒక పెద్దింట్లో వంట చేసేవాడు. ఎండలు ముదిరితే ఆ ఇంటివాళ్ళు రెండు నెలలు స్టాక్‌హోమ్‌లో ఉండేవాళ్ళు. పిల్లలకు ఇంకొకరి వంట ఎక్కదని ఆయన్నీ వెంట తీసుకెళ్ళేవాళ్ళు. ఇరాక్ సైన్యం వచ్చిన ఏడాది మాత్రం ఆయన వీసా ఆలస్యమైంది. ఇంటి తాళాలు ఆయన చేతికిచ్చి వాళ్ళు వెళ్ళిపోయారు. మర్నాడు సెలవని ఒక సాయంత్రం ఖైతాన్ పేటలో మా గదికి వచ్చాడు. తెల్లారేసరికి వీధిలో ట్యాంకులున్నాయి.

గదిలో మేం ఐదుగురం, ఆయనతో ఆరుగురు. రెండు రోజులకే మాటలు అయిపోయాయి. తర్వాత రొట్టె దగ్గర, ఫ్యాను గాలి దగ్గర పోట్లాటలు మొదలయ్యాయి. నా దిగులు వేరు. నాకు వీసా ఇచ్చిన యజమాని, మా కఫీల్, కుటుంబంతో సౌదీకి దాటిపోయాడు. నా పాస్‌పోర్టు రిగ్గైలో ఆయన ఇంట్లో, అతిథుల గదిలో, బల్ల సొరుగులో ఉండిపోయింది. అది లేకుండా సరిహద్దు దాటనిస్తారో లేదో ఎవరూ చెప్పలేకపోయారు. ఊళ్ళో నా భార్యకు నెలలు నిండుతున్నాయి.

ఒక మధ్యాహ్నం వంటాయన లేచి నిలబడ్డాడు.

"యల్లా, అందరూ చెప్పులేసుకోండి. స్టాక్‌హోమ్ ఎల్దాం."

"మంచం మీద కూచోనుండే దానికి చెప్పులెందుకన్నా?" అన్నాడు మా ఊరివాడు.

"పరాయి ఊరు చూడ్డానికి వట్టికాళ్ళతో వస్తావేంటయ్యా? నలుగురూ ఏవనుకుంటారు? వేసుకో."

వేసుకున్నాం. ఆ రోజు పాత ఊరు చూపించాడు. ఇద్దరు ఎదురైతే ఒకరు ఒదిగి నిలబడాల్సినంత ఇరుకు సందులు, రాళ్ళు పరిచిన నేల. "చూసి నడవండి, రాయి జారుద్ది" అంటే నిజంగానే కాళ్ళు దగ్గరికి లాక్కున్నాం. మలుపు తిరగ్గానే పెద్ద చర్చి వచ్చిందన్నాడు. ఐదుగురం ఒక్కసారే చెప్పులు విప్పేశాం.

ఆయన తల పట్టుకున్నాడు. "అక్కడ విప్పరయ్యా బాబూ! చలికి కాళ్ళు కొయ్యలైపోతాయి. వేసుకోండి!" ఆ గదిలో అంతకుముందు నాలుగు రోజుల్లో ఎవరూ నవ్వలేదు.

రోజుకొకటే చూపించేవాడు. రాజుగారి కోట ముందు కాపలా మారే వేడుక ఒకరోజు. ఒడ్డు వదిలిన కాసేపటికే మునిగి, మూడొందల ఏళ్ళ తర్వాత పైకి తీసిన ఓడ ఇంకోరోజు. నగర భవనంలో నీలం హాలు అని ఒకటుందట. తీరా చూస్తే అంతా ఎర్ర ఇటుక. కట్టినాయన రంగేద్దామనుకుని, ఇటుక అందం చూసి మానుకున్నాడట, పేరు మాత్రం మిగిలింది. ఆ తర్వాత రేడియోలో అంతా సవ్యంగా ఉందని చెబితే చాలు, మావాళ్ళు "నీలం హాలు" అనేవాళ్ళు.

చివరికి జోర్డాన్‌లోని అమ్మాన్‌కు బస్సులు కడుతున్నారని, అక్కణ్ణుంచి విమానాలున్నాయని తెలిసింది. నేను రిగ్గై పోతానన్నాను. వంటాయన కూడా బయల్దేరాడు. రోడ్డు మీద సైనికుల్ని చూడగానే నా కాళ్ళు ఆగిపోయాయి.

"తమ్ముడూ, ఇది వంతెన. కింద నీళ్ళు చూడు, ఎంత తేటగా ఉన్నాయో. తెల్ల పడవొకటి వస్తంది. నడు."

నడిచాను. ఫర్వానియా దగ్గర ఒక సైనికుడు తుపాకీ అడ్డం పెట్టి ఎక్కడికని అరబ్బీలో అడిగాడు.

"స్టాక్‌హోమ్" అన్నాను.

నోరు జారాక గాని తెలియలేదు. వంటాయన నా వీపు మీద ఒకటి చరిచి, "రిగ్గై, రిగ్గై! కఫీల్ ఇల్లు. వీడికి ఎండదెబ్బ" అని వచ్చిన అరబ్బీలో సర్దాడు. ఆ సైనికుడు మా నీళ్ళ సీసా తీసుకుని, సగం తాగి, పొమ్మన్నాడు.

పాస్‌పోర్టు సొరుగులోనే ఉంది. తిరిగి వచ్చేటప్పుడు ధైర్యం వచ్చి అడిగాను: "అన్నా, ఆ ఓడ లోపల ఎట్లుంటాదన్నా?"

"నాకేం తెల్సు? నేనెప్పుడు లోపలికెళ్ళాను గనక? పిల్లల కోట్లు, పాలసీసాలు పట్టుకుని బయట బల్ల మీద కూచునేవోణ్ణి. లోపలి సంగతులన్నీ రాత్రి అన్నం తింటా పిల్లలు చెప్పినవే."

బస్సు వచ్చిన రోజు తను రానన్నాడు. "తాళాలు జేబులో ఏసుకుని అమలాపురం పోతే ఎలాగయ్యా? ఆళ్ళు వస్తే ఇంట్లోకెలా ఎళ్తారు?"

బిడ్డ పుట్టడానికి తొమ్మిది రోజుల ముందు నేను ఇల్లు చేరాను. ఆయన యుద్ధం ముగిసేదాకా అక్కడే ఉండిపోయాడు. ఆ ఇల్లు దోచుకున్నారు, తలుపులు కూడా ఊడదీసుకుపోయారు. ఆయన 'మామా' అని పిలిచే యజమానురాలు తిరిగొచ్చాక, "ఇవిగో మామా, ఒక్కటీ పోలేదు" అని తాళాలు చేతికిచ్చాడట. ఆమె ఆ గుమ్మంలోనే కూలబడి ఏడ్చిందట. మరుసటి ఏడు స్టాక్‌హోమ్‌లో ఆయన్ని చెయ్యి పట్టుకుని ఓడ దగ్గరికి, లోపలికి తీసుకెళ్ళిందట. నేను మళ్ళీ కువైట్ వచ్చాక ఎట్లుందన్నా అని అడిగాను. "బానే ఉంది తమ్ముడూ. కానీ మనం చూసింది ఇంకా పెద్దది."

ఆయన పోయాడన్న రోజు నుంచి బస్సు ఎక్కిన ఆ మధ్యాహ్నమే కళ్ళ ముందుంటోంది. బస్సు కదిలాక కిటికీలోంచి వెనక్కి చూశాను. ఆయన పనిచేసే ఇల్లున్న హవల్లీ వైపు ఒక్కడే నడుస్తున్నాడు. నడినెత్తిన ఎండ. పొడుగాటి గోడ పక్కన అడుగు వెడల్పు నీడ ఉంది. ఆ నీడ దాటకుండా, గోడను ఒక చేత్తో తాకుతూ, కింద రాయి జారుద్దేమో అన్నట్టు ఒక పాదం ముందు ఒక పాదం వేసుకుంటూ పోతున్నాడు.