పొలుసులు లెక్కపెట్టిన మనిషి

మ్యూజియం వెనకవైపు మెట్లు దిగితే పొడవాటి గది ఒకటుంది. అందులో స్పిరిట్ సీసాల్లో పాములుంటాయి. ఆ సీసాలు చూసుకునే ఆవిడని అందరూ సీసాలక్క అనేవారు. ఇరవై రెండేళ్ల వయసులో చేరింది. పనల్లా తగ్గిన స్పిరిట్ నింపడం, చెరిగిన చీటీలు తిరగరాయడం. రాత గుండ్రంగా ఉంటుందని చీటీల పని ఆమెకే అంటగట్టారు.

పొలుసులు లెక్కపెట్టడం నేర్పింది పెద్దసారు. పాముల విభాగానికి ఆయనే శాస్త్రవేత్త. స్పిరిట్‌లో పాము రంగు పోతుంది కాబట్టి ఏ జాతో పొలుసులే చెప్పాలి. మెడ నుంచి తోక మొదలు దాకా పొట్ట పొలుసులు ఒక్కొక్కటీ సూదిమొనతో తాకుతూ లెక్కపెట్టాలి. నడుం దగ్గర వీపు మీద ఎన్ని వరసలున్నాయో చూడాలి. ఆయనకి చత్వారం, పైగా ఓపిక తక్కువ. ఏడాది తిరిగేసరికి ఆ పని మొత్తం ఆమె చేతికొచ్చింది. మధ్యలో ఎవరైనా పలకరిస్తే ఎడమచెయ్యి ఎత్తి ఆగమనేది. లెక్క తప్పిందా, మళ్లీ మెడ దగ్గర నుంచే.

అలా పదిహేడేళ్లు గడిచాయి. ఒకరోజు చీటీ మార్చడానికి తీసిన సీసాలో మూడు పాములు కనిపించాయి, పెన్సిలంత సన్నవి. చీటీ మీద అందరికీ తెలిసిన గడ్డిపాము పేరే ఉంది. ఎందుకో అనుమానమొచ్చి లెన్సు కింద పెట్టింది. వీపు మీద పదిహేడు వరసలుండాల్సింది, పదిహేనే ఉన్నాయి. కంటికీ ముక్కుకీ మధ్య ఉండాల్సిన చిన్న పొలుసు అసలే లేదు. మూడింటికీ అంతే. రెండు రోజులు ఎవరికీ చెప్పకుండా మళ్లీ మళ్లీ చూసుకుని, అప్పుడు పైకెళ్లి చెప్పింది.

పెద్దసారు తనూ చూసి, కుర్చీలో వెనక్కి వాలారు.

"ఇది ఇంతవరకూ ఎవరూ కనిపెట్టని జాతమ్మా. దీనికి నీ పేరే పెడదాం."

శాస్త్రనామంలో ఆడవాళ్ల పేరైతే లాటిన్ పద్ధతిలో చివర 'ఏ' చేరుస్తారని, కాగితం ముక్క మీద ఆమె పేరు అలా రాసిచ్చారు. ఆమె భర్త దర్జీ. కొలతలివ్వడానికి వచ్చిన ప్రతివాళ్లకీ ఆ సంగతి చెప్పాడు. నీ నోటికి భయపడి పెడుతున్నారని వదిన ఆటపట్టిస్తే ఈమె కూడా నవ్వింది. పామైతేనేం, మా కోడలి పేరు పుస్తకాలకెక్కుతోంది అని అత్తగారు తేల్చేసింది.

ఆ కొత్త జాతి మీద పెద్దసారు రాసిన వ్యాసం అచ్చవడానికి ఏడాదిన్నర పట్టింది. ఈలోగా కొత్త డైరెక్టరు వచ్చారు. పెద్దసారు పదవీకాలం పొడిగించే ఫైలు ఆ డైరెక్టరు బల్ల మీదే ఉంది. పత్రిక వచ్చిన సంగతి ఆమెకెవరూ చెప్పలేదు. కొత్త చీటీ రాయమని ఒక కాగితం మాత్రం కిందికి పంపారు. అందులో పాముకున్నది డైరెక్టరు పేరు. టైపు తప్పేమోనని లైబ్రరీకి వెళ్లి పత్రిక తీయించింది. పట్టికలో అంకెలన్నీ తనవే. దాని కింద, పొలుసుల లెక్క రచయిత స్వయంగా చేశారని ఉంది.

చీటీ రాయకుండా నేరుగా పెద్దసారు గదికి వెళ్లింది. ఆయన తలెత్తకుండా కాగితాలు సర్దుకుంటూ, నా పరిస్థితి నీకు తెలియంది కాదన్నారు. అచ్చయిన పేరు ఇక మార్చడానికి వీల్లేదన్నారు.

"పేరు సంగతి వదిలెయ్యండి సార్. లెక్కపెట్టింది నేనని రాయడానికి ఎవరు అడ్డొచ్చారు?"

ఆమె కిందికొచ్చి చీటీ రాసింది, ఎప్పటిలాగే గుండ్రంగా. ఇంట్లో చెప్పడమే కష్టమైంది. విన్నాక భర్త కత్తెర పక్కన పెట్టి "పోనీలే" అన్నాడు. కొట్టుకి వచ్చినవాళ్లు అడిగితే మాత్రం ఇంకా అచ్చు కాలేదని చాలా నెలలు బొంకాడు.

అప్పటి నుంచి పెద్దసారు లెక్కకి పంపిన సీసాలన్నీ ఆమె అలాగే తిప్పి పంపింది. నా పని స్పిరిట్ నింపడమే అంది. కాదనడానికి ఎవరికీ వీల్లేకపోయింది. మరుసటేడు ఎక్కడి నుంచో ఒక పరిశోధకురాలు పెద్దసారుకి ఉత్తరం రాసింది. రెండో పాము పొట్ట పొలుసుల లెక్క పట్టికలో ఒకలా, వ్యాసం వివరణలో ఒకలా ఉంది, ఏది నిజమని. పెద్దసారు ఆ ఉత్తరం పట్టుకుని మెట్లు దిగి వచ్చారు.

"ఒక్కసారి చూసిపెట్టమ్మా."

"రచయిత స్వయంగా చేశారుగా సార్."

మూడు రోజులు ఆయనే లెన్సు ముందు కూర్చున్నారు. మూడు రకాల లెక్కలొచ్చాయి. పక్కనే సీసాలు నింపుతున్న ఆమెకి నూట నలభై ఎనిమిది అని నోటిదాకా వచ్చింది, మింగేసింది. కానీ ఆ పాము ఏం పాపం చేసిందని మనసు పీకింది. మూడోరోజు ఆయన వెళ్లాక ఉత్తరం మీది చిరునామా చూసి, సరైన అంకె తనే రాసి పంపింది. ఆ పరిశోధకురాలి వ్యాసంలో అడుగున, చిన్న అక్షరాల్లో, లెక్క సరిచేసినందుకు ఈమె పేరు పడింది. దాన్ని ఆమె ఇంట్లో చూపించలేదు.

పెద్దసారు వీడ్కోలు సభలో వేదిక మీద నుంచి, ఈవిడ లేకపోతే నా పాములేవీ లేవని అన్నారు. అందరూ వెనక్కి తిరిగి ఆమెని చూసి చప్పట్లు కొట్టారు. ఆమె చేతులు ఒళ్లోనే ఉన్నాయి.

ఇంటికొచ్చాక, ఏమన్నారు మీ సారు అని భర్త అడిగాడు.

"బాగానే మాట్లాడారు" అని, కాళ్లు కడుక్కోవడానికి వెళ్లింది.