ఆల్ఫానా, బీటానా

మా ఆవిడా నేనూ పోట్లాడుకోవడానికి మేముండే అరబ్బు ఊరు ఫర్వానియాలో కూరగాయల ధరలు, పార్కింగు చాలక ఒక చక్కెర అణువును కూడా తెచ్చుకున్నాం. ఆవిడ మా ల్యాబులోనే మొక్కల రసాయనాలు తీసేది. నేను అణువుల అల్లిక చూపే ఎన్ఎమ్ఆర్ మిషన్ చూసుకుంటాను. వానలు పడ్డాక ఎడారిలో మొలిచే ఓ మొక్క నుంచి ఆవిడ చిటికెడు పదార్థం తీసింది. దానికో చక్కెర అతుక్కుని ఉంది. ఏ వైపు అతుక్కుందన్నదే గొడవ. ఆవిడ ఆల్ఫా అంది, నేను బీటా అన్నాను.

"ఆల్ఫాయేనండీ బాబూ! ఎన్నిసార్లు చెప్పాలండీ మీకు?" అనేది వంటింట్లోంచి.

"కొలవకుండా ఎలా చెబుతావే?"

"అయితే కొలవండి. మిషన్ చేతిలో పెట్టుకుని నన్నడుగుతారేటి?"

ఈ చక్కెర సంగతి తేలాలంటే హైడ్రోజన్‌కీ, అది అంటిపెట్టుకున్న కార్బన్‌కీ మధ్య కప్లింగ్, అంటే వాటి లంకె బలం, కొలవాలి. మామూలుగా టూడీ స్పెక్ట్రమ్, అంటే మిషన్ గీసే చుక్కల పటం, తీసేటప్పుడు ఆ కప్లింగ్‌ను అణిచేస్తాం. జతకో చుక్క శుభ్రంగా వస్తుంది. అణచకుండా వదిలేస్తే ప్రతి చుక్కా రెండుగా చీలుతుంది. ఆ రెంటి మధ్య దూరమే మాకు కావలసింది. నూట డెబ్బై హెర్ట్జ్ దగ్గరుంటే ఆవిడ మాట, నూట అరవై దగ్గరుంటే నా మాట. కానీ చీలిన చుక్కలు మసగ్గా వస్తాయి. చిటికెడు సరుక్కి మిషన్ రెండు రోజులు ఖాళీగా కావాలి. వచ్చే వారం చూద్దాంలే అనుకుంటూనే ఉన్నాం.

ఈలోపు ఆవిడ గుండె ఆగిపోయింది. ఊరికి తీసుకెళ్లి, కార్యం జరిపించి, ఒక్కణ్ణే తిరిగొచ్చాను. ఆవిడ ఇక్కడ ఉండడానికిచ్చిన ఇఖామా రద్దు కాగితాల మీద నేనే సంతకం పెట్టాను. కౌంటర్లో మనిషి "ఖలాస్" అన్నాడు, అయిపోయిందని. రోజూ వినే మాటే, ఆ రోజు మాత్రం ఒళ్లు మండిపోయింది.

ఓ గురువారం మా ల్యాబు పెద్దాయన ఫ్రిజ్‌లో పాత శాంపిళ్లన్నీ పారేయమన్నాడు. ఆవిడది మాత్రం తీసి మిషన్‌లో పెట్టాను. శుక్ర, శనివారాలు ల్యాబుకి ఎవరూ రారు.

ఆదివారం పొద్దున్నే వెళ్లి చూశాను. చక్కెర చుక్క రెండుగా చీలి ఉంది. కొలిచాను. నమ్మక మళ్లీ కొలిచాను. నూట డెబ్బై ఒకటి.

ఆవిడ మాటే నెగ్గినందుకు సంతోషించాలి. నాకు ఏడుపొచ్చింది. లెక్క నా వైపు వచ్చి ఉంటే ఆవిడ ఒప్పుకునేది కాదు, కొలవడం రాదనేది, ఇంకోసారి తియ్యమనేది. ఆ వాదన నేనొక్కణ్ణే అయినా ఇంకొన్నాళ్లు నడుపుకునేవాణ్ణి. ఇప్పుడు మా ఇద్దరి మధ్యా తేలాల్సింది ఏమీ లేదు.