సొట్టతో సహా

పాడుబడిన పడవ కనిపిస్తే చాలు, బాలగంగాధరం మాస్టారి జేబులోంచి కొలత టేపు దానంతట అదే పాకి బయటికొచ్చేది. అబద్ధమనుకుంటే అంబాజీపేటలో ఎవరినైనా అడగండి. డ్రాయింగు మాస్టారుగా రిటైరయ్యాక ఆయన చేసిన పని ఒక్కటే. ఒడ్డున పడి తుప్పుపట్టిపోతున్న లాంచీల్ని కొలుచుకొచ్చి, అచ్చం అలాంటివే ఇరవై నాలుగో వంతు సైజులో చెయ్యడం. నీళ్ళ మీద నిక్షేపంగా తిరిగే పడవల జోలికి వెళ్ళేవారు కాదు. ఎందుకని భార్య గంగాభవాని గారు అడిగితే, అవి కుదురుగా నిలబడవనేవారు.

ఆ ఇరవై నాలుగో వంతు మెల్లగా ఆయన ఒంటికి పట్టింది. అరవై అడుగుల కొబ్బరిచెట్టుని చూసి రెండున్నర అడుగులంటారు. మేనకోడలు శ్రీకళ పెళ్ళిలో ఆరడుగుల పెళ్ళికొడుకుని ఎగాదిగా చూసి, "కుర్రాడు బావున్నాడు, మూడంగుళాలు" అన్నారు. ఆడపెళ్ళివారు నవ్వు ఆపుకోలేక, మగపెళ్ళివారు కోపం ఆపుకోలేక చచ్చేరు. గంగాభవాని గారు విసిగిపోయి ఓ పూట ఆయన కంచంలో ఉసిరికాయంత అన్నం పెట్టి, మీ లెక్క ప్రకారమే వడ్డించేనన్నారు. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, కాస్త ఎక్కువే పెట్టేవన్నారు.

మురమళ్ళలో గోదావరి ఒడ్డున ఓ టగ్గు లాంచీ ఉండేది. వంతెన పడకముందు బస్సులూ లారీలూ ఎక్కిన పంటుని ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి లాక్కెళ్ళేది అదే. వంతెన పడ్డాక దాన్ని బురదలో వదిలేశారు. వానలు పడేలోపు కోసి పాత ఇనుము కింద పట్టుకుపోతారని మొన్న వేసవిలో కబురొచ్చింది. ఆ కబురు వినగానే మాస్టారికి భక్తి ముంచుకొచ్చింది. మురమళ్ళ వీరేశ్వరస్వామికి కల్యాణం చేయిద్దామన్నారు.

గంగాభవాని గారు పాపం నమ్మారు. పట్టుచీర కట్టుకుని పీటల మీద కూర్చున్నారు. పురోహితుడు గోత్రం అడిగే వేళకి పక్క పీట మీద మాస్టారి ఉత్తరీయం మాత్రమే ఉంది. అయ్యగారేరని ఆయన అడిగితే, ఒడ్డున ఉంటారు, మీరు కానివ్వండని ఆవిడ చెప్పారు. కల్యాణం ఉత్తరీయంతోనే అయింది. అక్షింతలు కొంగున కట్టుకుని, మొగుణ్ణి కడిగెయ్యాలని ఆవిడ విసవిసా ఒడ్డుకి వెళితే, ఆయన వెనక్కి తిరక్కుండానే, "వచ్చేవా, ఈ కొస పట్టుకో" అన్నారు.

పట్టుచీరతో చీలమండల లోతు బురదలో నిలబడి టేపు పట్టుకున్నప్పుడే ఆవిడ ముత్యాలుని చూశారు. ఆ లాంచీని జీవితమంతా నడిపిన సరంగు. చూపు పోయి చాలాకాలమైంది. పొద్దున్నే భార్య వరహాలమ్మ చెయ్యిపట్టి తీసుకొచ్చి దింపితే, లాంచీకి వీపు ఆన్చి మధ్యాహ్నం దాకా కూర్చుంటాడు.

"దీన్ని కోసేత్తే నువ్వెక్కడ కూర్చుంటావు?" అని అడిగారు గంగాభవాని గారు, తెలియకుండానే అతని యాస వచ్చేసి.

"ఇంటికాడేనండమ్మగారూ. ఇంక బయటికొచ్చి పట్టుకునేదేవుందండి" అని నవ్వేడు.

మాస్టారు మాత్రం వినిపించుకున్నట్టే లేరు. సొట్టల లోతు వేళ్ళతో కొలుచుకుంటున్నారు. ఈ మనిషికి గుండె కూడా ఇరవై నాలుగో వంతే ఉన్నట్టుందనుకున్నారావిడ.

తర్వాత ఇంట్లో చింతపండు నిలవలేదు. మేకులన్నీ అందులో నానేసి, ఆ తుప్పుని పొరలు పొరలుగా బొమ్మ లాంచీకి పట్టించేవారు. ఒకరోజు కళ్ళకి తువ్వాలు కట్టుకుని దాన్ని తడుముతూ కనిపించారు. గంగాభవాని గారు గుమ్మంలోంచి చూసి, పిచ్చి ముదిరిందని వీరేశ్వరుడికి ఇంకో కల్యాణం మొక్కుకున్నారు. ఈలోగా అక్కడ లాంచీని కోసేశారు. ముత్యాలు గుమ్మం దాటడం లేదని, కంచం ముందు కూర్చుని ఊరికే లేచిపోతున్నాడని కొబ్బరికాయల లారీవాళ్ళు చెప్పారు.

లాంచీ పూర్తయ్యాక గంగాభవాని గారే పట్టుబట్టి అమలాపురం బొమ్మల పోటీకి తీసుకెళ్ళారు. కమిటీ ప్రెసిడెంటు సుబ్బరాజు గారు దాని చుట్టూ ప్రదక్షిణం చేశారు.

"అద్భుతమండి మేస్టారూ. ఆ సొట్టొకటి తీసేసి రంగెయ్యండి. ఫస్టు ప్రైజు మీదే. అద్దాల బీరువాలో పెడతాం."

"సొట్ట తియ్యనండి."

"పోనీ రంగు?"

"రంగేస్తే గరుకు పోతుందండి."

"గరుకెవరికి కావాలండీ?"

"కావాల్సినవాళ్ళున్నారండి" అని లాంచీని చంకనెత్తుకుని వచ్చేశారు. ఫస్టు ప్రైజు అగ్గిపుల్లల తాజ్ మహలుకి వెళ్ళింది. అద్దాల బీరువా చేజారినందుకు గంగాభవాని గారు ఆటోలో మొహం అటు తిప్పుకుని కూర్చున్నారు. అందుకే ఆటో ఇంటికి కాక మురమళ్ళ వెళుతోందని చాలాసేపు చూసుకోలేదు.

ముత్యాలు నులకమంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. మాస్టారు అతన్ని లేపి కూర్చోబెట్టి, లాంచీని ఒళ్ళో పెట్టారు. వేళ్ళు ముందు భయపడ్డాయి. చుక్కాని తగిలింది. లాంచీని నడిపే ఫ్యాను విరిగిన రెక్క తగిలింది. తుప్పు మీద పాకి, ఎడమపక్క సొట్టలోకి బొటనవేలు దిగి ఆగిపోయింది.

"ఇది నేను పెట్టిందేనండి" అన్నాడు ముత్యాలు. "వరదలో రేవు స్తంభానికి కొట్టేను. ఆఫీసరు గారికి మాత్రం స్తంభవే వచ్చి కొట్టిందని చెప్పేనండి."

"నమ్మేరా?"

"ఆయ్. స్తంభాన్ని మార్పించేరండి."

గంగాభవాని గారు పక్కకి తిరిగి కొంగుతో ముక్కు తుడుచుకున్నారు. మాస్టారు ఇంటి దూలాన్ని కొలుస్తున్నట్టు పైకి చూస్తున్నారు.

ముత్యాలు ఒళ్ళో లాంచీని నిటారుగా నిలబెట్టి, రెండు బుగ్గలూ పూరించి, బొంయ్ఁ మని కూత పెట్టేడు. చూరు కింద కోళ్ళు చెల్లాచెదరయ్యాయి. లోపల గిన్నె చప్పుడైంది. ఆ రోజుల్లో ఆఖరి పంటు కూత వినబడగానే వరహాలమ్మ కంచం పెట్టేసేదిట. ఇప్పుడూ అలాగే, తనేం చేస్తోందో తనకే తెలియకుండా, వేడన్నమూ చేపల పులుసూ పట్టుకుని గుమ్మంలోకి వచ్చేసింది.

ముత్యాలు ఎడమచెయ్యి లాంచీ మీంచి తియ్యకుండానే తిన్నాడు. చేపల వాసనకి ఆమడ దూరం పారిపోయే గంగాభవాని గారు కదలకుండా అక్కడే కూర్చుని, "ఇంకాస్త పులుసు వెయ్యి వరహాలమ్మా, పొడిగా తింటున్నాడు" అన్నారు.