మూడున్నర గంటల సంతకం

శంషాబాద్ బస్టాండు ఎదురుగా నేను జిరాక్స్ షాపు పెట్టి పద్నాలుగేళ్లయింది. పేరు దశరథం. నోరు కాస్త దురుసు. ఉద్యోగాలకు పోయే పిల్లలందరూ నా కౌంటరు ముందు నిలబడి పోయినవాళ్లే. ఎవరి బయోడేటాలో ఎంత నిజముందో, ఎంత పక్కవాడిది చూసి ఎత్తి రాసిందో నాకు ఇట్టే తెలిసిపోతుంది. అయినా అడిగితే ఏ కాగితం మీదైనా చదవకుండానే సాక్షి సంతకం పెట్టేసేవాణ్ణి.

అనుపమ బయోడేటాలో అబద్ధమనేది ఒక్కటీ లేదు. ఆ పిల్లకు ఉద్యోగం రాకపోవడానికి అదే కారణమని నా నమ్మకం. కొత్తూరు అవతల కూరగాయలు పండించే సత్తయ్య కూతురు. సివిల్ ఇంజనీరింగ్ చదివి రెండేళ్లయింది. తోటి వాళ్లంతా కంప్యూటర్ కోర్సుల్లో చేరిపోయినా తాను మాత్రం బ్యాగులో కొలతల టేపు వేసుకుని తిరిగేది. "అన్నా, నీ షట్టరు ఒక దిక్కు రెండు ఇంచులు కిందికుంది," అని మొదటి రోజే చెప్పింది. నాకు ఒళ్లు మండిపోయింది. ఆమె పోయాక కొలిచి చూస్తే నిజమే.

సైటు అనుభవం అన్నచోట "లేదు" అని టైపు చేయించింది.

"ఆరు నెలలని రాయి చెల్లె. ఎవరు చూస్తరు?" అన్నాను. ఆ సలహా నేను అందరికీ ఇచ్చేదే.

"నేను చూస్తున్న గదన్నా," అంది.

అలా పదకొండు ఇంటర్వ్యూలు అయ్యాయి. అనుభవం లేదని కొందరు, ఆడపిల్ల సైటులో ఏం నిలబడుతుందని కొందరు వెనక్కి పంపారు. ఈసారి కూడా రాకపోతే కొత్తూరు ఫ్యాక్టరీలో ప్యాకింగు పనికి పోవాల్సిందేనని ఇంట్లో గట్టిగా చెప్పేశారు. పన్నెండో పిలుపు డిసెంబరు మొదట్లో వచ్చింది. ఎయిర్‌పోర్టు అవతల కడుతున్న పెద్ద బిల్డింగు, ట్రైనీ ఇంజనీరు ఉద్యోగం. ఆ సైటు సంగతి నాకు ముందే తెలుసు. అయినా ఏమీ అనకుండా కాగితాలు తీసిచ్చాను. ఎందుకు అనలేదో చెప్తాను. ముందు అక్కడేం జరిగిందో చెప్పనివ్వండి. అదంతా ఆ సాయంత్రం నా షాపులో కూర్చుని ఆమె చెప్పిందే.

సైటు మేనేజరు గోదావరి జిల్లాల మనిషి, మాట మెత్తన. అడిగిన వాటన్నిటికీ ఆమె తడుముకోకుండా చెప్పింది. "బాగుందమ్మా. పైకెళ్లి ఐదో అంతస్తు స్లాబు చూసిరా. ఏం తప్పు కనిపించిందో వచ్చి చెప్పు," అన్నాడు.

మధ్యాహ్నం భోజనాల వేళ. పనివాళ్లంతా కింద ఉన్నారు. మెట్లకు ఇంకా రెయిలింగు లేదు. గోడ పట్టుకుని ఎక్కి చూస్తే పైన ఒక్క మనిషి లేడు. కాంక్రీటు పోయడానికి సిద్ధంగా ఇనుప చువ్వలు పరిచి కట్టి ఉన్నాయి. చుట్టూ కట్టిన ఆకుపచ్చ వల గాలికి పొంగి, మళ్లీ లోపలికి పీల్చుకుపోతోంది. విమానమొకటి బాగా కిందుగా పోయింది. దాని నీడ చువ్వల మీదుగా పాకి, ఆమె మీదుగా దాటిపోయింది. ఆ మోత ఆగాక తన ఊపిరి తనకే వినపడేంత నిశ్శబ్దం.

మోకాళ్ల మీద కూర్చుని చువ్వల కిందికి చెయ్యి పోనిచ్చింది. చువ్వలు అడుగున పరిచిన చెక్కలకు ఆనకుండా మధ్యలో చిన్న సిమెంటు బిళ్లలు పెట్టాలి. లేకపోతే ఇనుము బయటపడి తుప్పు పడుతుంది. ఒక్క బిళ్ల కూడా చేతికి తగల్లేదు.

లేచి చూస్తే పక్కన నిలువు చువ్వకు ఒక హెల్మెట్ వేలాడుతోంది. దాని మీద మార్కరుతో నవీన్‌కుమార్ అని రాసి ఉంది. దాని పక్కనే ప్లాస్టిక్ కవరులో ఒక కార్డు. కాంక్రీటు పోసే ముందు ఇంజనీరు అన్నీ స్వయంగా చూసి సంతకం పెట్టాల్సిన కార్డు అది. సిమెంటు బిళ్లలు: ఉన్నాయి. లిఫ్టు గుంతకు అడ్డు: ఉంది. ఆమె గబుక్కున వెనక్కి తిరిగింది. పదడుగుల దూరంలో లిఫ్టు గుంత నోరు తెరుచుకుని ఉంది. అడ్డుగా ఒక్క కర్ర కూడా లేదు. ఇందాక దాని అంచు మీదుగానే నడిచి వచ్చింది.

మళ్లీ కార్డు చూసింది. కింద నీలి సిరాతో నవీన్‌కుమార్ సంతకం. తేదీ ఆ రోజుదే. టైము మూడున్నర. ఫోను తీసి చూస్తే ఇంకా ఒంటిగంట కూడా కాలేదు.

"సార్!" అని పిలిచింది. లిఫ్టు గుంతలోంచి ఆ పిలుపే తిరిగి వచ్చింది. మళ్లీ పిలిచింది. లోపలెక్కడో అడుగున నీళ్లు చుక్క చుక్కగా పడుతున్న చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

"భయమేసిందన్నా. ఎవరో నా ఎన్క నిలబడి, నేనేం చూస్తున్ననో చూస్తున్నట్టే అనిపించింది," అంది నాతో. ఆ భయంలోనే కార్డును, గుంతను కలిపి ఫోటో తీసుకుంది.

కిందికి వచ్చి చూసింది చూసినట్టు చెప్పింది. "ఆ నవీన్‌కుమార్ గారితో ఒకసారి మాట్లాడొచ్చా సార్?" అని కూడా అడిగింది. మేనేజరు రాస్తున్న పెన్ను ఆగింది. పక్క బల్ల దగ్గర కార్డులకు తేదీలు వేస్తున్న గుమస్తా తలుపు వైపు చూశాడు.

"ఆయనిప్పుడు ఇక్కడ పనిచెయ్యట్లేదమ్మా. నీ చూపు బాగుంది. సోమవారం నుంచి వచ్చెయ్," అన్నాడు మేనేజరు. ఉద్యోగ పత్రం అప్పటికప్పుడే చేతిలో పెట్టాడు. దాంతోపాటు దారంతో కట్టిన కార్డుల కట్ట. రెండు వందల ఖాళీ కార్డులు. "వీటన్నిటి మీదా సంతకాలు పెట్టి తీసుకురా. కాంక్రీటు లారీ ఏ వేళకొస్తుందో తెలీదు కదా. తేదీలు మా వాళ్లు వేసుకుంటారు."

గేటు దగ్గర టీ గ్లాసులు కడుగుతున్న రుక్కమ్మ ఆ కట్ట చూసింది. "నీకిచ్చిన్రా బిడ్డా? పాత కట్ట అయిపోవచ్చింది మరి."

"నవీన్ సార్ ఏడికి పోయిండమ్మా?"

"ఇంకేడికి పోతడు? శ్రావణంల గా లిఫ్టు గుంతల వడి సచ్చిపోయిండు. దినాలు గూడ అయిపోయినయి. సంతకాలే ఇంకా ఆగలె."

ఇదంతా చెప్పి అనుపమ కట్టను నా కౌంటరు మీద పెట్టింది. లోపల మూలకు నెట్టేసిన స్టూలు తనే లాక్కుని కూర్చుంది. పోయిన జూన్‌లో నవీన్‌కుమార్ కూర్చున్నది ఆ స్టూలు మీదే.

ఆ కార్డులు ప్రింటు వేసేది నేనే. బయట వాన కురుస్తుంటే అతను నా పెన్నుతోనే రెండు వందల సంతకాలు పెట్టాడు. "అన్ని చూసే పెడుతున్నవా తమ్మీ?" అని నేను ఎగతాళి చేశాను. "ఎవరు చూస్తరన్నా?" అని నవ్వాడు. అతను పడిపోయిన రోజుకు కూడా ఒక కార్డు ఉంది. లిఫ్టు గుంతకు అడ్డు ఉందని, కింద అతని సంతకం. గుమస్తా తేదీ వేసి తగిలించిందే. తానే చూసి సంతకం పెట్టి తానే పడ్డాడు, తప్పు పిల్లవాడిదే అని సైటు వాళ్లు తేల్చేశారు. అతని తల్లి ముత్తమ్మ ఆ కార్డును జిరాక్స్ తీయించడానికి నా దగ్గరికే వచ్చింది. "నా కొడుకు సూడకుంటనే గిట్ల రాస్తడా బిడ్డా?" అని అడిగింది. జిరాక్స్ తీసిచ్చి ఊరుకున్నాను. ఆ సైటు ప్రింటింగు పని పోతుందని నా నోరు లేవలేదు. మనిషి పోయాడని తెలిసీ అనుపమను అక్కడికే పంపాను. సిగ్గుగా ఉంది, అయినా చెప్తున్నాను.

ఇదంతా ఆ సాయంత్రం అనుపమకూ చెప్పేశాను. విని, ఉద్యోగ పత్రం ఒళ్లోకి తీసుకుంది.

"బాపుకు ఫోన్ చేసి చెప్పిన అన్నా. మిఠాయి పట్కొని వస్తున్నడు," అంది. తర్వాత పెన్ను అడిగింది. నేను ఇవ్వలేదు. తనే కౌంటరు మీదున్నది తీసుకుని, కట్ట విప్పి, పై కార్డు ముందుకు లాక్కుంది. పెన్ను మొన కాగితం మీద ఆనింది. నేను చూడలేక మెషీను వైపు తిరిగాను.

"ఈ ఫోటో ప్రింటు తియ్యన్నా."

తిరిగి చూస్తే కార్డు మీద చిన్న చుక్క తప్ప ఏమీ లేదు. ఫోను నా ముందుకు చాచి ఉంది. మెషీనులోంచి ముందు లిఫ్టు గుంత, తర్వాత హెల్మెట్, చివరికి ఆ నీలి సంతకం, ఆ రోజు తేదీ మెల్లగా బయటికి వచ్చాయి.

"శ్రావణంల పోయినోడు ఇయ్యాల సంతకం పెట్టిండంటే, ఆయన పడ్డ రోజుది గూడ ముందుగాల పెట్టిందే గద. గిది వాళ్లమ్మకు ఇయ్యాలె. ఏడుంటది?"

కంప్యూటరులో నవీన్ అని కొట్టాను. అతని బయోడేటా ఇంకా అలాగే ఉంది. ఇల్లు జల్‌పల్లి. సైటు అనుభవం: ఆరు నెలలు. అది నేను రాయించిందే.

ఉద్యోగ పత్రాన్ని మడిచి ఖాళీ కార్డుల మీద పెట్టి, "సైటోళ్లొస్తే రెండూ ఇచ్చెయ్యి," అంది. ఒక తెల్ల కాగితం నా ముందుకు తోసింది. "నువ్వు చూసింది గూడ రాసియ్యన్నా."

జూన్‌లో నేను చూసింది రాశాను. తేదీ వేసి, గోడ గడియారం చూసి టైము వేశాను. మొదటి నుంచీ ఒకసారి చదువుకున్నాను. తర్వాత సంతకం పెట్టాను. ఈ పద్నాలుగేళ్లలో నేను చూసి పెట్టిన మొదటి సంతకం అది.